మూతపడ్డ బంకు దగ్గర ఆగిపోయే లారీ

దయ్యాలు, శకునాలు, చనిపోయినవాళ్లు కలలోకి వచ్చి చెప్పడాలు... వీటిలో దేన్నీ ఏ రోజూ నమ్మినవాణ్ణి కాదు నేను. కోరుట్లలో బస్టాండుకు దగ్గర్లో నాది ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం. అమావాస్యకు పక్క దుకాణాల వాళ్లంతా గుమ్మడికాయ కొడతారు, నేను కొట్టను. యంత్రం చెడిందంటే దానికో కారణం ఉంటుంది. అది దొరకలేదంటే నేను సరిగ్గా వెతకలేదని అర్థం. ఇప్పటికీ నేను అనుకునేది అదే. ఈ ఒక్కదానికే కారణం దొరకలేదు.

రాసేస్తే మనసు తేలికవుతుందని ఎవరో అన్నారు. తేలిక కావడానికి లోపల బరువుగా కూడా ఏమీ లేదు. మొద్దుబారినట్టు ఉంది, అంతే. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా అక్క పద్మది ఇబ్రహీంపట్నం దగ్గర పల్లె. బావ గంగాధర్ వాళ్లది కల్లు గీసే కుటుంబం. ఒకసారి చెట్టు మీంచి జారి నడుం దెబ్బతిన్నాక బావ చెట్టెక్కే మోకు పక్కన పెట్టేశాడు. కొన్నాళ్లు సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేశాడు. అక్కడా పని తగ్గిపోయేసరికి దుబాయ్ దారి పట్టాడు. మా దిక్కు గల్ఫ్‌లో ఏ దేశం పోయినా దుబాయే.

మొదటిసారి పోయినప్పుడు ఊడ్చే పని. రెండోసారికి డ్రైవర్ వీసా దొరికింది. బావ ఇక్కడ ట్రాక్టర్లు, డీసీఎం వ్యాన్లు నడిపినవాడే. కానీ అక్కడ బండి రోడ్డుకు కుడిపక్కన పోవాలి, స్టీరింగ్ ఎడమ చేతివైపు ఉంటుంది. ఆ టెస్టులో మళ్లీ మళ్లీ ఫెయిలై ఉత్త చేతులతో తిరిగొచ్చినవాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలో కొత్తేమీ కాదు.

అందుకే మా దుకాణంలో ఒక ఉపాయం నడుస్తుంది. డ్రైవర్ వీసా మీద పోయేవాళ్లు ల్యాప్‌టాప్‌లో లారీ నడిపే సిమ్యులేషన్ గేమ్ వేయించుకుంటారు. పాత స్టీరింగ్ ఒకటి బల్లకు బిగించుకుని ఇంట్లోనే కుడిపక్కన పోవడం నేర్చుకుంటారు. అక్కడి రోడ్ల మాదిరిగా ఎవరో తయారుచేసిన మ్యాపు ఇంటర్నెట్‌లో ఉత్తగానే దొరుకుతుంది. బావకు కూడా ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో అదే వేసిచ్చాను.

రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక బావ లారీ తోలేవాడు. అక్క పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఒక కన్ను తెర మీదే ఉంచేది. అలవాటు కొద్దీ లారీ ఎడమకు జరిగిందంటే చాలు, "కుడి, కుడి" అని తొడ మీద చరిచేది. రౌండబౌట్ దగ్గర, అంటే గుండ్రటి కూడలి దగ్గరైతే, బావ తప్పకుండా లారీని ఎదురుదిశలో తిప్పేవాడు. అప్పుడు అక్క, "ఊరందరిది ఒక తొవ్వ, నీదొక తొవ్వ" అని నవ్వేది. అక్క అంతలా నవ్వడం నేను పెద్దగా చూసి ఎరగను.

బావ పోయాడు, టెస్టు పాసయ్యాడు, నీళ్ల ట్యాంకర్ నడిపాడు. రౌండబౌట్ వచ్చిన ప్రతిసారీ నీ గొంతే వినిపిస్తుందని అక్కకు ఫోన్లో చెప్పేవాడట. అది నాకు చెప్పేటప్పుడు అక్క సిగ్గుపడేది.

ఏడాది తిరక్కముందే ఆ కంపెనీ మూతపడింది. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోయింది. బావ ఖల్లివెల్లి అయ్యాడు. అంటే కాగితాలు లేకుండా, పోలీసులకు దొరక్కుండా, ఎక్కడ ఏ పని దొరికితే అది చేసుకుంటూ తిరగడం. కొన్నాళ్లు ఎవరెవరి ఫోన్ల నుంచో మాట్లాడాడు. తర్వాత అదీ ఆగిపోయింది.

ఫోన్ రాకపోయేసరికి అక్క ఆ ల్యాప్‌టాప్ తెరిచింది. ఆమెకు అందులో తెలిసింది ఆ ఒక్క ఆటే. బావ చేతులు ఎలా తిప్పేవో చూసి చూసి ఉంది కాబట్టి నడపడం వచ్చేసింది. ఎందుకక్కా అని అడిగితే, ఊరికే కూర్చోలేక అంది. ఆమెను ఆటపట్టించాలని, "నువ్వు కూడా డ్రైవర్ వీసా మీద పోతవా ఏంది" అన్నాను. నవ్వలేదు.

కొద్దిరోజులకే ల్యాప్‌టాప్‌ను చీరకొంగులో చుట్టుకుని ఆటోలో దుకాణానికి వచ్చింది. గేమ్ ఆగిపోతోందట. ఎప్పుడూ ఒక్కచోటే. ఒక రౌండబౌట్ దాటాక కుడివైపు గుండ్రటి నీళ్ల ట్యాంకు వస్తుంది, దాని తర్వాత మూతపడ్డ పెట్రోల్ బంకు. బంకు ముందుకు రాగానే బొమ్మ కదలకుండా నిలిచిపోయి, మెల్లగా గేమ్ మూసుకుపోతుంది. బావ ఇదే రోడ్డు మీద ఎన్నోసార్లు పోయాడు. అప్పుడు ఎన్నడూ ఆగలేదు.

ఇలాంటివి నాకు మామూలే. ముందు వేడి అనుకున్నాను. ఫ్యాన్ విప్పితే లోపల దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. తుడిచి, చిప్ మీద పేస్టు మార్చాను. మళ్లీ అక్కడే ఆగింది. ర్యామ్ మార్చాను. గ్రాఫిక్స్ డ్రైవర్ తీసి పాతది వేశాను, కొత్తది వేశాను. మ్యాపు ఫైలు చెడిందేమోనని మళ్లీ దించుకున్నాను. ఆఖరికి మొత్తం ఫార్మాట్ చేసి మొదటి నుంచి ఎక్కించాను. మిగతా రోడ్లన్నీ తిరుగుతుంది, గంటసేపు నడిపినా ఏమీ కాదు. ఆ బంకు దగ్గరికొస్తే చాలు, కథ మళ్లీ మొదటికే.

నా సొంత ల్యాప్‌టాప్‌లో అదే గేమ్, అదే మ్యాపు వేశాను. అందులోనూ అక్కడే ఆగింది. ఇది చూశాక ప్రాణం కుదుటపడింది. తప్పు మ్యాపుదే అన్నమాట. కానీ అంతకుముందు నెలలోనే మెట్‌పల్లి నుంచి వచ్చిన ఒకాయనకు ఇదే మ్యాపు వేసిచ్చాను. ఫోన్ చేసి అడిగితే గేమ్‌లో ఆ బంకు ముందునుంచే రోజూ పోతున్నాను, ఎన్నడూ ఆగలేదన్నాడు. ఏం పాడు యంత్రంరా ఇది అని తల పట్టుకుని కూర్చున్నాను.

అక్క రెండు మూడు రోజులకోసారి వచ్చేది. నేను విప్పుతుంటే, బిగిస్తుంటే పక్కన స్టూలు మీద కూర్చునేది. ఆగిపోయిన బొమ్మ మీద నాకు విసుగొచ్చేది, ఆమెకు రాలేదు. ఆగిన ప్రతిసారీ ఊపిరి వదిలి, కొంగుతో మొహం తుడుచుకునేది. ఒకరోజు నేనే ఉండబట్టలేక, ఇది బాగయ్యేది కాదు, పారేయ్ అన్నాను.

"వద్దు తమ్మీ. మీ బావ గాడ్నే ఉన్నడు" అంది.

"గది ఉత్త బొమ్మ అక్కా."

"బొమ్మనే. నాకు తెల్వదా?" అంది మామూలుగా. ఆమె గొంతులో తేడా ఏమీ లేదు. దుఃఖం మనిషిని ఇలాగే చేస్తుందని అనుకుని ఊరుకున్నాను. ల్యాప్‌టాప్ మాత్రం దుకాణంలోనే ఉంచేసుకున్నాను. ఇంట్లో ఉంటే రోజంతా దాని ముందే కూర్చుంటుందని నా భయం.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. మా దిక్కు ఎవరైనా అక్కడ చనిపోతే, శవపెట్టె వచ్చేదాకా భార్యకు చెప్పరు. పెట్టె రావడానికి వారాలు పడుతుంది. అన్ని రోజులు ఆమె ఏడవడం చూడలేక పెద్దవాళ్లు పెట్టుకున్న పద్ధతి ఇది. కానీ వాట్సాప్ గ్రూపుల్లో ఫోటోతో సహా వార్త వచ్చేస్తుంది కదా. అందుకని ముందుగా ఏదో వంక చెప్పి ఆమె ఫోన్ తీసుకుంటారు. చార్జింగ్ ఎక్కడం లేదనో, అప్‌డేట్ చేయాలనో చెప్పి మా దుకాణానికి తెచ్చిస్తారు. నేను దాన్ని ఆపేసి సొరుగులో పెడతాను. అలా నా సొరుగులో ఎందరి ఫోన్లు ఉండిపోయాయో. ఆ సొరుగు సంగతి ఊళ్లందరికీ తెలుసు.

బావ కబురు వచ్చిన రోజు నేను జగిత్యాలలో ఉన్నాను, డిస్‌ప్లేలు కొనడానికి పోయాను. ముందురోజు సాయంత్రం దుకాణం మూసేముందు కూడా గేమ్ పెట్టి చూశాను, అదే చోట ఆగింది. వైఫై తీసేసి, ల్యాప్‌టాప్ మూసి వెళ్లాను. ఇది నాకు బాగా గుర్తు.

బస్టాండులో ఉండగా గల్ఫ్ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. బావ గొంతే వింటాననుకుని ఎత్తాను. మాట్లాడింది రుద్రంగికి చెందిన ఒకాయన, అక్కడే పనిచేస్తున్నాడు. బావకు చాలా రోజులుగా జ్వరమట. కాగితాలు లేక ఆసుపత్రికి పోలేదట. ఒక మూతపడ్డ బంకు వెనక గదిలో పడుకుని ఉంటే ఈయనే అన్నం తెచ్చిపెట్టేవాడట. ఇంటికి చెబుతానంటే వద్దన్నాడట, ఇంటికి రానిచ్చే ఔట్‌పాస్ కాగితం దొరికాక తనే మాట్లాడతానన్నాడట. ఆ తెల్లవారుజామున పోయాడు.

బంకు అన్న మాట విన్నాను. కానీ అప్పుడు అది నా బుర్రకు ఎక్కలేదు. బావ వాళ్లన్నకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన, "మీ అక్కకు జెప్పకు. ముందుగాల ఆమె ఫోన్ తీస్కో" అన్నాడు. సరే అన్నాను. ఏడుపు రాలేదు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని, ఏ వంక చెప్పాలా అని ఆలోచించుకుంటూ కోరుట్ల వచ్చాను.

దుకాణం షట్టరు తీసి ఉంది. తాళంచెవి పక్కనున్న జిరాక్స్ ఆయన దగ్గర ఉంటుంది. మీ అక్క ఇప్పుడే వచ్చింది, నేనే తీసిచ్చాను అన్నాడు. అక్క నా బల్ల దగ్గర కూర్చుని, దానికి బిగించి ఉన్న స్టీరింగ్‌తో లారీ నడుపుతోంది. వీపు నావైపు ఉంది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

తెర మీద రౌండబౌట్ వచ్చింది. అక్క కుడిపక్క నుంచి సరిగ్గా తిప్పింది. నీళ్ల ట్యాంకు వచ్చింది. బంకు వచ్చింది.

లారీ ఆగలేదు.

బంకు వెనక్కి పోయింది. ఇన్ని రోజులుగా మేం చూడని రోడ్డు ముందుకు వస్తూనే ఉంది. ఇసుక, కరెంటు స్తంభాలు, ఇంకేమీ లేవు. అక్క కాసేపు అలాగే నడిపి, లారీని పక్కకు ఆపి, స్టీరింగ్ మీంచి చేతులు తీసేసింది.

"దాటింది తమ్మీ" అంది, వెనక్కి తిరగకుండానే.

బస్సులో అనుకున్నవన్నీ మరిచిపోయాను. నోటికొచ్చింది అదొక్కటే. "ఫోన్ ఇయ్యక్కా, అప్‌డేట్ చేస్త" అన్నాను.

రవికలోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. "నీ సొరుగుల పెట్టుకో" అంది. తర్వాత అడిగింది. "మీ బావ ఎప్పుడు పోయిండు?"

"పొద్దుగాల" అన్నాను.

పెట్టె వచ్చేదాకా మా ఇళ్లలో అందరూ ఆమెకు తెలియదనే అనుకున్నారు. ఆమె కూడా తెలియనట్టే ఉంది. వచ్చినవాళ్లకు చాయ్ పోసింది. నేనూ నోరు విప్పలేదు. ఎయిర్‌పోర్టు నుంచి అంబులెన్సు ఊళ్లోకి వచ్చినప్పుడు మాత్రం అందరికంటే ముందు ఆమే ఎదురు వెళ్లింది.

దినాలయ్యాక రుద్రంగి ఆయన ఆ చోటు ఫోటో పంపించాడు. రౌండబౌట్, కుడివైపు గుండ్రటి ట్యాంకు, బంకు. అదే వరుస. అటువంటివి ఆ రోడ్ల మీద చాలా ఉంటాయని ఆయనే అన్నాడు. నిజమే కావచ్చు. మ్యాపు చేసినవాడు ఆ చోటే చూసి ఉండవచ్చు కూడా. అక్క నా కాళ్ల చప్పుడు విని, నేను ఫోన్ అడిగిన తీరును బట్టి పోల్చుకుని ఉండవచ్చు. ఇవన్నీ నేనూ అనుకున్నాను. కానీ ఎవరూ ముట్టని ల్యాప్‌టాప్, నెట్ లేని ల్యాప్‌టాప్, ముందురోజు సాయంత్రం ఆగినది, మర్నాడు ఎలా పోయింది? నా సొంత ల్యాప్‌టాప్‌లో కూడా ఆరోజు నుంచే ఎందుకు పోతోంది?

ఈమధ్య ఒకరోజు అక్క వచ్చింది. చిక్కిపోయి ఉంది. స్టూలు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, దినాలయ్యాక ఇంటికి తీసుకుపోయిన ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టింది. మళ్లీ ఏమైందక్కా అన్నాను.

"ఏం కాలే. మంచిగనే నడుస్తుంది" అంది. దాన్ని నావైపు జరిపి, "గాడ మళ్ల ఆగేటట్టు చెయ్యరాదురా తమ్మీ. గది ఆగినన్ని దినాలు నేను ఇంత తిన్న, ఇంత పన్న" అంది.

చూస్తానన్నాను. ఇన్నేళ్లుగా చెడినవి బాగుచేస్తున్నాను, బాగున్నదాన్ని చెడగొట్టి ఇవ్వమని అడిగినవాళ్లు ఎవరూ లేరు. పాత డ్రైవర్ వేశాను. ఫ్యాన్ తీసేసి వేడెక్కనిచ్చాను. మ్యాపు ఫైలును నా చేతులతోనే పాడుచేశాను. అప్పుడైతే గేమ్ అసలు తెరుచుకోదు, లేదంటే ఎక్కడపడితే అక్కడ ఆగుతుంది. ఆ బంకు దగ్గర మాత్రం ఆగదు.

ఇది ఎందుకు ఆగిందో నాకు తెలియదు. ఎందుకు ఆగడం మానిందో కూడా తెలియదు. ల్యాప్‌టాప్ ఇంకా నా దగ్గరే ఉంది, అక్క వచ్చినప్పుడల్లా అడుగుతుంది, ఇంకో రెండు రోజులు పడుతుందని చెబుతున్నాను.