గాడి నిండినా అరిచిన ఎద్దు

మా అమ్మ నన్ను ఎద్దుల వెనక తోలింది, నా తమ్ముణ్ణి బడికి తోలింది. ఆ కడుపుమంట నాకు ఇప్పటికీ చల్లారలేదు. నలభై దాటినాక నేను అక్షరాలు దిద్దింది జ్ఞానం కోసమని ఎవరైనా చెబితే నమ్మొద్దండి. వాడు పేపరు చదువుతాంటే చూడలేక దిద్దినాను.

మాది మదనపల్లెకూ పుంగనూరుకూ నడుమ ఉండే మెట్టపల్లె. పంతొమ్మిదివందల డెబ్బైలలో అమ్మ పోయినాక భాగాలు పంచుకొని, గొడ్ల కొట్టం నడిమికి గోడ లేపినాము. ఉన్న ఒక్క జత ఎద్దుల్నీ చెరొకటి తీసుకొన్నాము. దుక్కికి మాత్రం రెండింటినీ ఒకే కాడికి కట్టేది, ఒకనాడు నా చేనికి, ఒకనాడు వాని చేనికి. మా పక్క విడిపోయిన అన్నదమ్ములు చాలామంది చేసేదే.

ఆ ఎండాకాలం నా ఎద్దు అరవడం మొదలుపెట్టింది. గాడి నిండా రాగిగడ్డి, తొట్టి నిండా నీళ్లు. అయినా తల గోడ దిక్కుకు తిప్పి ఒకటే రంకె. పక్కటెముకలు బయటపడినాయి. గోడ అవతల వాని ఎద్దు నున్నగా, నింపాదిగా మేసేది. వాని పెళ్లాం కుప్పం పిల్ల, పుట్టింటినుంచి ఆవునూ దూడనూ తోలుకొచ్చుకొనింది. తవుడు, చెనక్కాయ చెక్క, ఉడికించిన ఉలవలు, ఇంత ఉప్పు కలిపి గొడ్లకు పెడతాదని పల్లెలో ఒకటే పొగడ్త. నా ఇంటిది కూడా పొగిడింది. ఒకనాడు ఆ పిల్ల గోడమీదినుంచి, "బావా, మీ ఎద్దుకూ రెండు దోసిళ్లు పెట్టేదా?" అని అడిగింది. నీ ఇంటి మిగులు నా ఎద్దుకు యాలమ్మా అన్నాను.

వానలకు అది కాడి మోయలేకపోతే జత పగిలినట్టే. ఒంటెద్దుతో దుక్కి లేదు. పుంగనూరు సంతలో కోతకు అమ్ముకోవడమే.

నాకు అక్షరాలు చెప్పింది చర్చి అయ్యగారు. సాయంత్రాలు నాలాంటోళ్లను నలుగురిని కూర్చోబెట్టుకొని చెప్పేవాడు. చదివించడానికి ఆయన దగ్గర ఉండింది వాళ్ల వేదపుస్తకమే. మేత ముందర ఎద్దు రంకె వేస్తాదా అని అడిగే మాట ఒకటి నా వంతుకు వచ్చింది. కూడబలుక్కొని చదివి, నాకు కోపమొచ్చింది. నా ఎద్దు వేస్తాది సామీ, వచ్చి చూడమన్నాను. అందరూ నవ్వినారు.

అయ్యగారు నవ్వలేదు. మద్రాసులో ఆ పుస్తకం మూలభాష హెబ్రీ చదువుకొన్నవాడు. అక్కడ మేతకు వాడిన మాట బెలీల్ అని చెప్పినాడు. ఉత్త గడ్డి కాదంట, కలిపిన మేత. ఇంకొక చోట దున్నే ఎద్దులకు చెరిగిన మేత పెడతారని ఉందంట. ఆడ మేతకు తగిలించిన మాటకు అర్థం ఉప్పనో పులుపనో పెద్ద పండితులకే తేలలేదంట.

ఆ పొద్దు నేను గాల్లో నడిచినాను. వాడు పేపరు దాకానే పోయినాడు, నేను హెబ్రీ దాకా పోయినాను! మరదలు వేసేవన్నీ వేసి, పైన ఇంత బెల్లం కూడా వేసి కలిపినాను. ఎద్దు రెండుసార్లు నాకి, తల ఎత్తి, గోడ దిక్కుకు తిరిగి రంకె వేసింది. గోడ అవతల గాజుల చప్పుడు వినిపించింది. ఆ పిల్ల నవ్వుకొంటాండాదనిపించింది.

మళ్లా పోయి, నీ మాట తప్పు సామీ అన్నాను.

"మాట తప్పు కాదప్పా" అన్నాడు అయ్యగారు. "ఆ మాట అన్నోడు బిడ్డల్నీ గొడ్లనూ పోగొట్టుకొని కూర్చోనుండాడు. యాల ఏడుస్తావని స్నేహితులు కసురుతాండారు. కొరత లేకుండా గొడ్డు కూడా అరవదు, నేను అరుస్తానా అంటాడు. నీ ఎద్దుకేం కొరతో నువ్వు చూసుకో."

ఇంటికొచ్చే దారిలో తట్టింది. కాడి కట్టిన రోజు అది ఎప్పుడూ అరవలేదు. రెండూ కోడెలప్పటినుంచి ఒకే గాడిలో మూతి పెట్టినవి. వాని ఎద్దుకు ఆవూ దూడా తోడుండాయి. నా దానికి గోడ ఉండాది.

తెలిసినాక కూడా కొన్ని దినాలు కాలు ఆడలేదు. వాని కొట్టంలోకి నా ఎద్దును నేనే తోలుకొని పోవడమా? కడకు అది పడుకొని లేవడానికి తన్నుకొనేది చూసి, పలుపు పట్టుకొని, కలిపిన మేత గంపలో నెత్తిన పెట్టుకొని పోయినాను. నా తమ్ముడు పేపరు పక్కన పెట్టి లేచినాడు.

"గోడ తీసేద్దామా అన్నా?"

"గోడ ఉండనీ. ఎద్దు ఈడ ఉంటాది, మేత నాది" అన్నాను.

రెండు ఎద్దులూ ఒకదాని మెడ ఒకటి నాకినాయి. ఆ దినంనుంచి రంకె లేదు. వానలకు కాడి మోసినాయి.

పొద్దునా సాయంత్రమూ నలుగురూ చూసేటట్టే గంప మోసినాను. అయినా పల్లె ఏమనింది? కుప్పం పిల్ల చేతి చలవ, పెద్దోని ఎద్దు తేరుకొనింది అనింది. ఆ పిల్ల కాదని ఒక్క మాట చెప్పలేదు.

బెలీల్ అనే మాట తెలిసినోణ్ణి మా పల్లెలో నేనొక్కణ్ణే. నా తమ్మునికి ఇంతవరకూ చెప్పలేదు. ఇది చదివి తెలుసుకొంటే తెలుసుకోనీ. ముందు తెలిసింది నాకు.