పసుపునీళ్లు చల్లిన ఫ్లాపీ

తొంభైల చివర్లో, పాలమూరులోని మా డిగ్రీ కాలేజీ భౌతికశాస్త్ర విభాగానికి ఉన్నది ఒకే కంప్యూటరు. దసరా సెలవులు మొత్తం దాన్ని నాకు వదిలేస్తానని హెడ్డుగారు ఒప్పుకున్నారు. సెలవులు ముగిసేలోగా చివరి అధ్యాయం ఇవ్వకపోతే నా పీహెచ్‌డీ గడువు తీరిపోతుందని హైదరాబాదులోని గైడు తేల్చి చెప్పారు.

నా పని ధూళి ప్లాస్మా మీద. ట్యూబులైటులో వెలిగే వాయువు వంటి దానిలో సన్నని ధూళి వేస్తే, ప్రతి రేణువూ రుణావేశం పొంది పక్కదాన్ని తోస్తుంది. తోసుకుని తోసుకుని చివరకు అన్నీ తేనెపట్టు గదుల్లా సర్దుకుంటాయి. విద్యుత్ క్షేత్రం పెంచితే ఆ అమరిక చెదిరి, రేణువులు క్షేత్రం వెంట బారులు తీరతాయా? ఎంత క్షేత్రానికి తీరతాయి? ఇదే నేను కంప్యూటరులో లెక్కకట్టి చూస్తున్నది. ప్రతి రేణువుకూ మిగతా అన్నిటితోనూ లెక్క. ఆ నిదానపు యంత్రానికి సెలవులన్నీ సరిగ్గా చాలుతాయని ముందే కూడి చూసుకున్నాను. కరెంటు పోయినా నష్టం లేకుండా, రేణువుల స్థానాలు ఎప్పటికప్పుడు నా దగ్గరున్న ఒకే ఫ్లాపీ డిస్కులోకి చేరేట్టు ప్రోగ్రాం రాశాను.

ఆయుధపూజ నాడు మా ఊరు కొత్తకోట నుంచి వచ్చి బస్సు దిగి వెళ్లేసరికి యంత్రం ఆపేసి ఉంది. తెర మీద కుంకుమ బొట్టు, చుట్టూ బంతిపూల దండ. ముందు పళ్లెంలో, నిమ్మకాయ పక్కన, నా ఫ్లాపీ. దాని మీద పసుపునీళ్లు చల్లారు. కవరు సందులోంచి నీళ్లు లోపలికి దిగాయి.

హెడ్డుగారు ఫ్యాను కింద కూర్చుని ప్రసాదం అందించబోయారు.

“లెక్క నడుస్తున్నదని చీటీ అంటించిన గద సార్.”

“చూసిన మేడం. ఇయాల యంత్రాన్ని పనికి పెట్టద్దు. ఒక్కదినం దానికి ఆరాం ఇయ్యరాదా?”

“ఫ్యాను గూడ యంత్రమే గద సార్” అని స్విచ్చి ఆపేశాను.

“జర ఎక్కువ గరమైతున్నరు. దండం పెట్టుకోన్రి, అన్నీ మంచిగైతయి.”

చెమట తుడుచుకుంటూ ఆయన నవ్వినందుకే నాకు ఇంకా మండింది. ఎంత ఆరబెట్టినా ఆ ఫ్లాపీని యంత్రం చదవలేదు.

మొదటి నుంచి మొత్తం లెక్క చేయడానికి మిగిలిన రోజులు చాలవు. రేణువుల సంఖ్యను సగానికి తగ్గించాను. జంటల లెక్క గనుక పని నాలుగో వంతుకు తగ్గింది. సెలవుల చివరి రోజున తెర మీది తేనెపట్టు చెదిరి, చుక్కలు బారులు కట్టాయి. అధ్యాయం వేళకు అందింది, పట్టా వచ్చింది. కానీ పరీక్షకుడి నివేదికలో ఒక మాట ఉంది. రేణువుల సంఖ్య చాలదు గనుక ఈ ఫలితాన్ని ఖాయమని చెప్పలేమని. న్యాయమైన మాటే. ఆయన స్థానంలో నేనున్నా అదే రాసేదాన్ని. ఆ మాట మోయవలసింది మాత్రం నా సిద్ధాంతగ్రంథం కాదు, ఫ్లాపీ మీద పసుపునీళ్లు చల్లిన చేయి.

కాలేజీలో నాకు శాలువా కప్పిన నాడు హెడ్డుగారు లేచి, “ఆ నాడు పూజ చేసినం గనుకనే మేడంకు ఫలితం వచ్చింది” అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మైకు నా చేతికి వచ్చింది. రేణువులు ఎన్ని ఉండవలసిందో, ఎన్నిటితో సరిపెట్టానో, ఎందుకు సరిపెట్టవలసి వచ్చిందో చెప్పి కూర్చున్నాను.