పెద్ద అంచులు మింగిన ఫ్లాపీ

ఒక మనిషి జ్ఞాపకంలో సగాన్ని నేను చెరిపేశాను. అదీ ఏమరుపాటుగా కాదు, శ్రద్ధగా సరిచూసుకుని మరీ.

తొంభైల చివర గద్వాలలో నాకో చిన్న కంప్యూటర్ సెంటర్ ఉండేది. కంప్యూటర్‌ను నడిపే లైనక్స్ అనే వ్యవస్థ మీద లైబ్రరీలో దొరికిన ఒకే ఒక్క పుస్తకాన్ని మూడుసార్లు చదివి, మానవపాడు దాకా నా అంతటివాడు లేడని తిరిగే రోజులవి.

చీరలు నేసే ఈరన్న తాతకు చూపు మందగిస్తోంది. ఆయన అంచుల నమూనాలు కాగితం మీద లేవు, అన్నీ తలలోనే. నాగర్‌కర్నూల్‌లో ఉన్న కూతురు పద్మకు అవి చేరాలని ఆయన కోరిక. మూడు నెలలు రోజూ మధ్యాహ్నం నా పక్కన కూర్చుని ఏ గడిలో ఏ రంగు నూలో చెప్పాడు, నేను కంప్యూటర్‌లో ఆ గళ్లు నింపాను. ప్రతి నమూనాకూ పెద్ద అంచు, చిన్న అంచు ఉంటాయి. పెద్దదాని ఫైలుకు ఇంగ్లీషు పెద్దక్షరాలతో, చిన్నదానికి అదే పేరు చిన్నక్షరాలతో పెట్టాను. లైనక్స్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్లు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పద్మకు ఇవ్వడానికి అన్నిటినీ ఒక ఫ్లాపీలోకి ఎక్కించాను. ఫ్లాపీకి పెద్దక్షరాల, చిన్నక్షరాల తేడా తెలియదు. ఆ సంగతి ఉన్న పేజీని నాకంటే ముందే ఎవరో చింపుకుపోయినట్టున్నారు. హంస పెద్ద అంచు ఫ్లాపీలోకెళ్లి కూర్చుంది. వెనకే వచ్చిన హంస చిన్న అంచు, సీటులో రుమాలు వేసిన ప్రయాణికుడిలా, దాన్ని లేపేసి తాను కూర్చుంది. మిగతావాటిదీ అదే కథ.

సరిచూద్దామని కంప్యూటర్‌లోనూ ఫ్లాపీలోనూ ఉన్న పేర్ల జాబితాలను పోల్చాను. ఫ్లాపీ పేర్లన్నీ పెద్దక్షరాల్లో చూపిస్తోంది. 'అక్షరాల తేడా పట్టించుకోకు' అని కంప్యూటర్‌కు హుకుం జారీ చేశాను. ప్రతి పేరుకూ జోడీ దొరికింది. కంప్యూటర్ డిస్కులో చోటు లేదని అందులోని అసలు ఫైళ్లు చెరిపేశాను.

ఫ్లాపీ పట్టుకుని నేనే నాగర్‌కర్నూల్ వెళ్లాను. అక్కడి కంప్యూటర్‌లో పద్మ ఒక్కొక్కటే తెరిచి చూసి నా వైపు తిరిగింది.

"అన్నా, అన్నీ చిన్నంచులే ఉన్నయ్. మా నాయిన పెద్దంచులు ఏడవోయినయ్?"

ఇంకో ఫ్లాపీలో ఉన్నాయని అబద్ధమాడి బస్సెక్కాను. దారంతా క్షమాపణ బట్టీపట్టాను. తాత ముందు నిలబడేసరికి ఒక్క ముక్కా గుర్తురాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

"నా కండ్లు పోతున్నయ్ గాని తల పోలే, బిడ్డా. మల్ల రాస్కో. జర ఈసారి పెద్దంచులు ఒక సంచిల, చిన్నంచులు ఒక సంచిల ఎయ్యి. మేం నూలు గట్లనే పెడ్తం."

రెండు సంచులు. అంటే రెండు ఫోల్డర్లు. మూడుసార్లు చదివిన పుస్తకంతో నాకు తట్టనిది అదే.

సగం పనే అయినా మళ్లీ మూడు నెలలు పట్టింది, ఈసారి పెద్దంచులూ పద్మకు చేరాయి. నిజం చెప్పనా? ఇప్పుడు నా ప్రాణం కొట్టుకునేది ఆ రెండో మూడు నెలల కోసమే. గళ్లు చెబుతూ చెబుతూ, పెళ్లాం కోసం నేసిన తొలి చీర కబుర్లలో పడిపోయి, "యాడిదాంక వచ్చినం?" అని అడిగే ఆ గొంతు కోసమే. దాన్ని ఏ ఫ్లాపీలోనూ దాచలేదు.

కాబట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. రెండు జాబితాలూ ఒకటేనని కంప్యూటర్ ఎంత ఒట్టు పెట్టినా, ఫైలు తెరిచి కళ్లారా చూడందే ఇక దేన్నీ చెరపను. చెరిపితే, మళ్లీ చెప్పడానికి తాత లేడు.