బందు పెట్టిన ఎర్ర దీపం

ముందే ఒప్పేసుకుంటే మీకూ నాకూ హాయి. నేను పెంచి చెబుతాను. మా ఇంట్లో పిల్లి ఈనిందంటే, నేను చెప్పేసరికి దాని పిల్లలకు పులిచారలు వచ్చి ఉంటాయి. మా ఆవిడ నా మాటల్ని నాలుగుతో భాగించి వింటుంది. మీరూ అలాగే వినండి. ఏది కల్పించానో చివర్లో నేనే చెబుతాను.

తెలంగాణ రాష్ట్రం కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన రోజులవి. నేను ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కంప్యూటర్ల పని చేసేవాణ్ని. ఆ ఆస్పత్రికి జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో మూడు శాఖలు. మూడింటికీ మూడు సర్వర్లు. రోగుల రిపోర్టులు, ఎక్స్‌రేలు అన్నీ వాటిలోనే. ఆ సర్వర్లు బతికున్నాయో లేదో చూసే సాఫ్ట్‌వేర్ జనగామలో ఉండేది. సర్వర్లను చూసేది సాఫ్ట్‌వేర్, సాఫ్ట్‌వేర్‌ను చూసేది నేను, నన్ను చూసేవాడు ఎవడూ లేడు.

మా గది అగ్గిపెట్టెంత. అందులో ఏసీ మాత్రం హిమాలయాలంత. రోహిణి ఎండల్లో కూడా మంకీ క్యాప్ పెట్టుకుని కూర్చునేవాణ్ని. ఎదురుగా తెర మీద మూడు ఊళ్ల పేర్లు, వాటి కింద వరసగా దీపాలు. పచ్చగా ఉంటే క్షేమం, పసుపైతే నలత, ఎర్రనైతే ప్రాణం మీదికొచ్చినట్టు. ఎర్రనైన ప్రతిసారీ నా ఫోన్‌కు ఒక మెసేజ్, నాతో పనిచేసే తమ్ముడి ఫోన్‌కు ఒక మెసేజ్. తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు. వయసులో నాకంటే చిన్న, ఇద్దరు పిల్లల తండ్రి. ఊరు చిట్యాల పక్కన. వాళ్ల నాయిన భూపాలపల్లిలో బొగ్గుగనిలో దిగేవాడు.

ఆ ముసలాయన ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్మే. ఆయన దగ్గితే జనగామ స్టేషన్లో ఆగిన బండి కదిలేదంటాను నేను. గని దవాఖానలో మాత్రం బీడీల దగ్గని రాసి పంపేవారు. అందుకే ఆరేళ్లుగా మా భూపాలపల్లి శాఖలో ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నాడు. ఇంట్లో దాచిన ఫిల్ములు కురిసే పెంకుల కింద తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మిగిలినవి సర్వర్లోనివే. ఆ ఆరూ వరసగా చూపిస్తే జబ్బు ఎట్లా పాకిందో గని డాక్టర్ల బోర్డుకు తెలుస్తుంది. తెలిస్తే గనిలోకి దింపరు, పైన తేలిక పని ఇస్తారు. ముసలాయన బతుకంతా ఆ ఆరు బొమ్మల మీద నిలబడి ఉంది.

ఒకసారి కొడుకును చూడ్డానికొచ్చి మా గదిలో కూర్చున్నాడు. తెరను చాలాసేపు చూశాడు.

“గివేంది బిడ్డా, రైలు సిగ్నళ్లా?”

“సర్వర్లు బాపూ. గా భూపాలపల్లి దాంట్ల నీ ఫొటోలున్నయ్” అన్నాను నేను.

“ఆరేండ్లయీ?”

“ఆరేండ్లయీ.”

“అయితే జర భద్రం. నా లోపలున్నయి ఎట్లనూ పాడైనయ్.” నవ్వి, దగ్గి, మళ్లీ అన్నాడు. “మా గనికాడ దీపాల అర్రల గూడ నీ లెక్క ఒకడుంటడు. లోపటికి పోయిన దీపాలు తిరిగొచ్చినయా లేదా చూసుకుంటడు. ఒక్క దీపం రాకున్నా వాడు జాగ కెల్లి లేవడు.”

“మా అన్న చాయ్‌కు లేస్తడు బాపూ, గంటకు నాలుగు సార్లు” అన్నాడు తమ్ముడు. అది అబద్ధం. అయిదు సార్లు.

ఇక బందుల సంగతి. బందు పిలుపొస్తే మూడు శాఖల్లో సగం మంది రారు, జనరేటర్లో డీజిల్ పోసేవాడు రాడు, కరెంటు పోతుంది, మా తెర దసరా నాటి జమ్మిగద్దె దగ్గరి పూలూ ఆకుల రాశిలా ఎర్రగా, పచ్చగా, పసుపుగా అయిపోతుంది. మెసేజ్‌ల మోతకు నా ఫోన్ జేబులోంచి దూకి పారిపోవాలని చూసేది. అందుకని మాకొక అలవాటు పడింది. బందు రోజు పొద్దున్నే చాయ్ తాగి, మూడు ఊళ్లనూ సాఫ్ట్‌వేర్లో ‘మరమ్మతు’ కింద పెట్టేసేవాళ్లం. అట్లా పెడితే ఏం జరిగినా దీపం బూడిదరంగులోనే ఉంటుంది, మెసేజ్ రాదు. దాన్ని మేం ‘డబ్బకు బందు పెట్టుడు’ అనేవాళ్లం. ఊరంతా బందైతే ఇదొక్కటి ఎందుకు పనిచేయాలని మా వాదన. మర్నాటికి గడువు పెట్టేవాళ్లం, దానంతటదే లేచేది.

తర్వాత పెద్ద సమ్మె వచ్చింది. ఎన్నాళ్లో ఎవరికీ తెలియదు. బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, బొగ్గుగనులూ ఆగాయి. ముసలాయన గని ముందు గుడారంలో కూర్చుని కొడుకుకు ఫోన్ చేశాడు. “బొగ్గు బంజేసినం బిడ్డా! ఇగ ఢిల్లీల లైట్లు ఆరుతయ్ చూడు!”

ఢిల్లీ సంగతేమో గానీ మా దగ్గర మాత్రం కరెంటు వేళాపాళా లేకుండా పోయేది. నేను మూడు ఊళ్లనూ మరమ్మతు కింద పెట్టాను. గడువు దగ్గర ఏమీ రాయలేదు. ఎత్తేసేదాకా అంతే.

నాలుగో రోజు తమ్ముడు, సమ్మె జనం నిరసనగా రోడ్డు మీద వంటలు వండుతున్న చోటి నుంచి చేతికి పసుపుతోనే వచ్చాడు.

“అన్నా, భూపాలపల్లిదొక్కటి జర తియ్యరాదే. బాపు ఫొటోలున్నయ్ గద.”

“తీస్త తీ. మీ బాపు ఊపిరితిత్తులు ఏడికి పోతయ్?”

“నవ్వులాట కాదే, అన్నా.”

“తీస్తనంటున్న గద! నువ్వు పో, పప్పు మాడుతది.”

తీయలేదు. తీస్తే రోజుకు వంద మెసేజ్‌లు. సరే, నాలుగుతో భాగించండి.

ఆ సర్వర్లో రెండు డిస్కులు. రెండింట్లోనూ ఒకటే సరుకు. ఒకటి చచ్చినా రెండోది మోస్తుంది. ఒకటి చచ్చిందని ఎర్ర దీపంతో అరవడం సాఫ్ట్‌వేర్ పని. అరిస్తే, మనిషి వెళ్లి కొత్తది పెట్టడానికి వ్యవధి ఉంటుంది. సమ్మె ముగిశాక నేను మరమ్మతు ఎత్తేసి చూస్తే భూపాలపల్లి వరస మొత్తం ఎర్రగా ఉంది. పాత చిట్టా తీశాను. మొదటి డిస్కు సమ్మె ఆరో రోజున పోయింది. రెండోది దాని తర్వాత తొమ్మిది రోజులు ఒంటరిగా మోసి, అదీ పోయింది. తొమ్మిది రోజులూ సాఫ్ట్‌వేర్ లోపల్లోపల రాసుకుంటూనే ఉంది. ఈ తొమ్మిదిని మాత్రం భాగించకండి.

లోపలి సరుకు తీయించడానికి డిస్కులను హైదరాబాద్ పంపారు. ఏమీ రాలేదు. బోర్డు వాళ్లు ముసలాయనకు కొత్త ఎక్స్‌రే ఒక్కటి తీసి, పాతవి లేకుండా చెప్పలేం, ఏడాది ఆగి రమ్మన్నారు. ఆయన మళ్లీ దీపం తీసుకుని గనిలోకి దిగాడు.

నేను భూపాలపల్లి వెళ్లాను. చెల్పూర్ దాటుతుంటే కరెంటు కేంద్రం పొగగొట్టం ఎత్తిన వేలులా నన్నే చూపిస్తున్నట్టుంది. ముసలాయన ఇంటి ముందు మంచం మీద ఉన్నాడు. కాళ్ల దగ్గర కూర్చుని చెప్పేశాను. “బాపూ, దీపం ఎర్రగైంది. దాని నోరు మూసింది నేనే. నీ కొడుకు తియ్యమన్నా తియ్యలే.” ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. “పోనీ తియ్ బిడ్డా. ఊరంత బందున్ననాడు నీ డబ్బ గూడ బందే గద. నీదేం తప్పు? చాయ్ తాగిపో.”

ఏడాది ఆగలేదు ఆయన. రాష్ట్రం రావడం కూడా చూడలేదు.

ఇక నేను కల్పించిందేదో చెప్పాలి. ఏసీ చలి, వంద మెసేజ్‌లు, కదిలిన రైలు, అవన్నీ పెంచినవే గానీ కల్పించినవి కావు. కల్పించింది నా ఒప్పుకోలు, ఆయన క్షమించడం. నేను భూపాలపల్లి వెళ్లిన మాట నిజం. మంచం పక్కన కూర్చున్న మాట నిజం. చెప్పింది మాత్రం ఇది: “కరెంటు పోయిపోయి వచ్చింది బాపూ. డిస్కులు కాలిపోయినయ్.”

ఆయన నవ్వలేదు. తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో బొగ్గు.

“కరెంటు మేమే బందు వెట్టినం గద బిడ్డా” అన్నాడు.

తమ్ముడు గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తున్నాడు.

“అవును బాపూ” అన్నాను.