చేపల లారీ, నా ఫోన్లో నీలిచుక్క

2023. చలి తగ్గుతున్న రోజులు. ఆకివీడు స్టేషన్ రోడ్డులో నాది సెల్‌ఫోన్ షాపు. అమ్మకాల కంటే రిపేర్లు ఎక్కువ, రిపేర్ల కంటే "ఈ యాప్ ఎలా వాడాలండీ" అని వచ్చేవాళ్ళు ఎక్కువ. కాశీకి బయలుదేరేవాళ్ళు, వేళాంగణికి బయలుదేరేవాళ్ళు, హౌరాకి చేపలు తోలే లారీ డ్రైవర్లు, ప్రయాణానికి ముందు ఒకసారి నా కౌంటర్ దగ్గర ఆగుతారు. రైలు ఎక్కడుందో చెప్పే యాప్ ఒకటి, సిగ్నల్ లేని చోట కూడా దారి చూపించే ఆఫ్‌లైన్ మ్యాప్ ఒకటి, మన తెలుగును హిందీలోకి మార్చి పైకి చదివే ట్రాన్స్‌లేషన్ యాప్ ఒకటి వేసి, వాడడం నేర్పి పంపుతాను. దానికేమీ తీసుకోను. ధర్మాత్ముణ్ణని కాదు, కవరో చార్జరో కొనకుండా ఎవరూ వెళ్ళరు.

అప్పటికి మా ఆవిడ పోయి ఏడాది నిండలేదు. కౌంటర్ ముందు మనుషులున్నంతసేపే నాకు నోరుండేది. షట్టర్ దించి ఇంటికెళితే మంచినీళ్ళు ఇమ్మని అడగడానికి కూడా ఎవరూ లేరు. పిల్లలు లేరు. చుట్టాలు కొన్నాళ్ళు ఫోన్ చేశారు, తర్వాత వాళ్ళ పనుల్లో వాళ్ళు పడ్డారు. నేనూ ఎవరికీ చేయలేదు, అంతా విసుగ్గా ఉండేది.

ఆ రోజుల్లో ఏసుపాదంగారు వచ్చారు. యాభై దాటిన మనిషి, చేపల లారీ డ్రైవరు. ఇల్లు ఉప్పుటేరు అవతల, కొల్లేటి లంకలో. కొత్త ఫోన్ తీసుకుని, "హౌరా వెళ్ళి రావడానికి పనికొచ్చేవన్నీ వేసెయ్యండి," అన్నారు. అన్నీ వేశాక చివరిది చూపించాను.

"ఇది లైవ్ లొకేషనండి. మీరు ఆపేదాకా, ఎక్కడుంటే అక్కడ, మ్యాపు మీద నీలిచుక్కలా మీవాళ్ళకి కనపడుతుంది. ఎవరికి పెట్టమంటారు?"

ఆయన ఫోన్ అద్దాన్ని చొక్కా అంచుతో తుడుస్తూ ఉండిపోయారు. అద్దం శుభ్రంగానే ఉంది.

"ఎవరికో ఒకరికి పెట్టి తీరాలాండీ?"

"పెట్టకపోయినా పర్లేదు. పెడితే మంచిది. ఇంట్లో ఎవరెవరున్నారు?"

"పెళ్ళయిందండి, నిలబళ్ళేదు. అమ్మ పోయాక వండుకోడం, తినడం, బండెక్కడం. అంతేనండి." ఫోన్ నావైపు జరిపి, "ఏమనుకోకపోతే మీ నంబరు పెట్టెయ్యండి," అన్నారు.

ఇంకెవరైనా అంటే నవ్వేవాణ్ణేమో. ఆ రోజు నవ్వు రాలేదు. నేర్పేటప్పుడు రెండువైపులా ఆన్ చేసి చూపించడం నా పద్ధతి. ఆయన చుక్క నా ఫోన్లో, నా చుక్క ఆయన ఫోన్లో వచ్చేలా పెట్టి చూపించాను. చార్జింగ్ ఆదా చేయడానికి ఫోన్లో బ్యాటరీ సేవర్ అని ఒకటుంటుంది, అది ఇలాంటి యాప్‌ల పీక నొక్కి మధ్యలోనే ఆపేస్తుంది. దాన్ని తీసేశాను. ఈలోగా ఎవరో చార్జర్ కోసం వచ్చారు, ఏసుపాదంగారు దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

తర్వాత ఒక రోజు టీ తాగుతూ తెరిచి చూస్తే చుక్క శ్రీకాకుళం దాటుతోంది. భలే ఉందే అనుకున్నాను. అక్కణ్ణించి అదే అలవాటైపోయింది. పొద్దున షట్టర్ ఎత్తగానే ఒకసారి, అన్నం ముందు కూర్చుని ఒకసారి చూసేవాణ్ణి. ఆయన ఇల్లు చేరినప్పుడు చుక్క నీళ్ళ మధ్యలో నిలబడేది. చుట్టూ చెరువులే కదా, మ్యాపులో ఆ ఇల్లు నీళ్ళలో ఉన్నట్టే ఉంటుంది. ఒకసారి షాపుకొచ్చినప్పుడు ఆ మాటంటే, "వానాకాలం అది నిజమేలెండి," అన్నారు. ఆయన బాగు కోసం చూసేవాణ్ణని గొప్ప చెప్పుకోను. ఆ చుక్క కదులుతుంటే నేనూ ఎవరితోనో కలిసి వెళుతున్నట్టుండేది. అందుకని చూసేవాణ్ణి.

రోహిణి కార్తె ఎండల్లో ఒక మధ్యాహ్నం చుక్క ఒడిశాలో బాలాసోర్ ఇవతల ఆగింది. అన్నం తిని వచ్చి చూశాను, అక్కడే ఉంది. ఒక ఫోన్ విప్పి డిస్‌ప్లే మార్చి మళ్ళీ చూశాను, అక్కడే ఉంది. రిపేరు కోసం కూర్చున్న తణుకు ఆయనకి చెబితే, "ఏ చెట్టుకిందో కునుకు తీస్తుంటాడు లెండి," అన్నారు.

ఆకివీడులో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ మాట నాకు ఎక్కలేదు. చేపలు ఐసు మీద వెళతాయి. ఒక డ్రైవరు పడుకుంటే రెండో డ్రైవరు తోలతాడు గానీ, మిట్టమధ్యాహ్నం ఎండలో చేపల లారీని ఎవరూ ఊరికే ఆపరు. ఆపినా ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఆపుతారు. మ్యాపు పెద్దది చేసి చూశాను. అక్కడ ఫ్యాక్టరీ లేదు, డాబా లేదు. రోడ్డు, రెండువైపులా పొలాలు, కాస్త అవతల ఒక పంక్చర్ షాపు. ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు.

పంక్చర్ షాపు నంబరు మ్యాపులోనే ఉంది. చేశాను. నాకొచ్చిన హిందీ రెండు ముక్కలు. షాపులో ఉన్న ఇంకో ఫోన్లో ట్రాన్స్‌లేషన్ యాప్ తెరిచి, "ఆంధ్రా లారీ ఒకటి మీ దగ్గర్లో ఆగి ఉందండి, డ్రైవరు పలకడం లేదు, ఒక్కసారి వెళ్ళి చూడండి," అని తెలుగులో చెప్పాను. అది గడగడా హిందీలో చదివింది. అవతలాయన ఏదో అడిగాడు. యాప్ దాన్ని తెలుగులో చెప్పింది: "మీరు అతనికి ఏమవుతారు?"

అన్నయ్యనని చెప్పేస్తే పోయేది. అది తోచలేదు. "ఫోన్ షాపండి," అన్నాను. యాప్ ఆ ముక్కనీ బుద్ధిగా హిందీలో చెప్పింది. ఆయన చూసొస్తానని ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాత నేను ఏ పనీ చేయలేకపోయాను. చుక్కనే చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి అది రోడ్డు వదిలి పక్కకి కదిలింది. లారీ వెళ్ళే దారి కాదది. ఫోన్ జేబులోనే ఉంది, మనిషిని ఎక్కడికో తీసుకెళుతున్నారని అర్థమైంది. మనిషా, శవమా అన్నదే తెలియలేదు. సాయంత్రం పంక్చర్ షాపాయనే చేశాడు, ఆసుపత్రిలో ఏసుపాదంగారికి తెలివొచ్చిందని యాప్ చెప్పింది. రెండో డ్రైవరు జ్వరమొచ్చి విశాఖలో దిగిపోయాడట. ఏసుపాదంగారు షుగరు మాత్ర వేసుకుని, బండి ఆపితే ఐసు కరుగుతుందని తినకుండా తోలారట. కళ్ళు తిరుగుతుంటే ఎలాగో పక్కకి ఆపి, స్టీరింగు మీద పడిపోయారట. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవారు కాదన్నారట డాక్టర్లు.

తిరిగొచ్చాక కొరమీను సంచితో షాపుకొచ్చారు. మనిషి సగమయ్యారు. స్టూలు వేస్తే కూర్చున్నారు. తర్వాత ఫోన్ తీసి నా ముందు పెట్టారు.

"ఆ రోజు నేర్పినప్పుడు రెండువైపులా పెట్టారు కదండీ. మీవైపుది తియ్యలేదు."

చూస్తే మ్యాపు మీద నా చుక్క, మా షాపు మీద కూర్చుని ఉంది.

"దార్లో ఐసు కోసం ఆగినప్పుడల్లా చూసేవాణ్ణండి. షాపు, ఇల్లు. ఇల్లు, షాపు. ఆదివారమూ అంతే, ఉగాదికీ అంతే. నేను బెంగాల్ వెళ్ళి వస్తున్నాను గానీ, మీరు ఒక్కసారైనా ఉప్పుటేరు దాటలేదు. ఏవండీ, మీకు బానే ఉందాండీ?"

మా ఆవిడ దినాలైపోయాక నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. అది శుభ్రంగానే ఉంది.

ఇన్నేళ్ళ పనిలో నాకు ఆ రోజు అర్థమైంది ఒక్కటే. దారి చూపించే యాప్‌లు ఎన్నైనా వేయొచ్చు, చేరామా లేదా అని చూసే మనిషిని మాత్రం మనమే వెతుక్కోవాలి. ఇప్పుడు ఎవరొచ్చినా, "మీరు చేరారని ఎవరికి తెలియాలండీ?" అని ముందు అడుగుతాను. జవాబు రాకపోతే నా నంబరు పెడతాను.

ఆయన వచ్చి ఆ మాట అడిగిన వారంలోనే, ఆదివారం షాపు కట్టేసి, బండి తీసి లంకకి బయలుదేరాను. ఉప్పుటేరు వంతెన దిగుతుంటే జేబులో ఫోన్ మోగింది.

"చుక్క వంతెన దాటిందండి. ఎసట్లో బియ్యం పోసేస్తున్నాను, నెమ్మదిగా రండి," అన్నారు ఏసుపాదంగారు.