ఓబులేసు కుక్కను కొట్టలేదు

2022 ఎండాకాలం. మార్కాపురంలో నాది పశువుల మందుల దుకాణం. గొర్రెల కడుపులో పురుగులు పోయే నట్టల మందు, గేదెలకు మినరల్ మిక్చర్ అమ్మడం నా పని. దుకాణం వెనక రేకుల గదిలో, దెబ్బలు తగిలిన వీధికుక్కలకు వైద్యం చేయించి, నయమయ్యాక పెంచుకునేవాళ్లకు ఇస్తుంటాను. అట్లా ఇచ్చిన కుక్కల్లో ఒకదాని విషయంలో నేను ఒక మనిషి మీద వేసిన నింద ఇప్పటికీ అక్కడక్కడ తిరుగుతోంది. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

ఆ కుక్క పలకల గని పక్కన ముక్కలు పారబోసే దిబ్బ మీద దొరికింది. అడవిపందులకు పెట్టిన ఉచ్చు తీగ వెనక కాలికి బిగిసి ఉంది. దగ్గరికి రానివ్వకపోతే క్యాచ్ పోల్ వాడాను. పొడవాటి గొట్టం, దాని కొనలో తాడు ఉచ్చు. మెడకు తగిలించి లాగితే కుక్క కరవకుండా చేతికి వస్తుంది. నెల రోజుల్లో కాలు మానింది, భయం మానలేదు. మనిషి అలికిడి వింటే గోడవైపు మొహం పెట్టి కూర్చునేది. నుదుట తెల్లమచ్చ ఉంటే చుక్కి అని పేరు పెట్టాను.

బేస్తవారిపేట వైపు పల్లెలో గొర్రెలు కాసుకునే ఓబులేసు ఒకరోజు మందు కోసం వచ్చి దాన్ని చూశాడు.

"ఇది మొరుగుతాదా అన్నా?"

"ఇంతవరకు నేను వినలేదు."

"సరేలే. మందలో పడుంటాది. ఈడ గోడకు ఏం చెప్పుకుంటాది పాపం," అని ఆటోలో తీసుకుపోయాడు.

ఇచ్చిన మూడు వారాలకు ఫాలో-అప్ అని ఒకసారి ఇంటికి పోయి చూసి వస్తాను. కుక్క ఒంటి మీద దెబ్బలున్నాయా, తింటోందా అని చూడటమే ఆ పని. నేను పోయేసరికి చుక్కి వాకిట్లో ఓబులేసు భార్య ఈశ్వరమ్మ కాళ్ల దగ్గర పడుకొని ఉంది. నన్ను చూసి లేచి దూరంగా నిలబడింది. నేను వచ్చానని పక్కింటి పిల్ల పోయి చెబితే ఓబులేసు చేలో నుంచి పరుగున వచ్చాడు. చేతిలో గొర్రెలు తోలే కర్ర. అంతే, చుక్కి నేలకు అతుక్కుపోయి, ఉచ్చ పోసుకొని, మంచం కిందికి పాకింది.

"ఎన్నిసార్లు కొట్టినావు ఓబులేసూ?"

"నేనా? దేవుని తోడు అన్నా, చెయ్యి కూడా ఎత్తలేదు."

"మరి నిన్ను చూసి ఉచ్చ పోసుకుంటాదేంది?"

ఈశ్వరమ్మ ఏదో చెప్పబోయింది. "నువ్వు ఊరుకో అమ్మా, మొగుణ్ని వెనకేసుకు రావద్దు," అన్నాను. అప్పటికి వాకిట్లో పదిమంది చేరారు. వాళ్ల ముందే కుక్కను ఎత్తుకొని వచ్చేశాను. దుకాణానికి వచ్చిన గొర్రెలవాళ్లకు కూడా ఆ సంగతి చెప్పాను. నోరులేని దాన్ని కొట్టేవాడి దగ్గర గొర్రెలు ఎందుకని, ఓబులేసు మందలో కలిపిన తన గొర్రెలను అతని బావమరిది తోలుకుపోయాడని తర్వాత తెలిసింది. తగిన శాస్తే అనుకున్నాను.

చుక్కిని గిద్దలూరులో ఒక టీచరమ్మకు ఇచ్చాను. చుట్టూ గోడ, గేటు ఉన్న మంచి ఇల్లు. తొమ్మిదో రోజు ఆమె ఫోన్ చేసింది. "మేమెవరమూ దాన్ని ఏమీ అనలేదండీ. బూజు దులుపుదామని కర్ర తీసినాను, అంతే. రెండు రోజులుగా నీళ్ల ట్యాంకు వెనక నుంచి రావడం లేదు, తినడం లేదు."

దాన్ని తిరిగి రేకుల గదికి తెచ్చాను. అక్కడా తినలేదు. మరుసటి రోజు ఇంకో కుక్కను పట్టాలని గోడకు ఆనించిన క్యాచ్ పోల్ అందుకున్నాను. చుక్కి నేలకు అతుక్కుపోయి ఉచ్చ పోసుకుంది. ఆ వాకిట్లో ఎట్లా చేసిందో అచ్చం అట్లాగే.

గొట్టం పొడవు, గొర్రెల కర్ర పొడవు ఇంచుమించు ఒకటే. దానికి కర్ర భయం నేర్పింది నేను.

ఆ మధ్యాహ్నమే చుక్కిని తీసుకొని బేస్తవారిపేట దారి పట్టాను. ఈశ్వరమ్మ నన్ను చూసి కూర్చోమని అనలేదు.

"ఆ పొద్దు చెప్పనిచ్చినావా అన్నా? కర్రంటే దానికి భయమని మొదటి రోజే కనుక్కున్నాడు ఈయన. దినామూ కర్ర బయట కంచె కంప మీద పెట్టి, ఉత్త చేతులతో లోపలికొస్తాడు. నువ్వు వచ్చినావని గబగబా వచ్చి, పెట్టేది మరిచిపోయినాడు."

నన్ను వేచి ఉండేలా చేయకూడదని పరిగెత్తినవాడిని, ఆ పరుగు పట్టుకొనే దోషిని చేశాను.

సాయంత్రం మంద తోలుకొని ఓబులేసు వచ్చాడు. కర్రను కంప మీద పెట్టి, చుక్కికి వీపు పెట్టి నేల మీద కూర్చున్నాడు. చుక్కి చాలాసేపు చూసి, పోయి అతని వీపుకు ఆనుకొని పడుకుంది.

"నాదే తప్పు ఓబులేసూ," అన్నాను.

"నాకు చెప్తే ఏమొస్తాది? ఆ మాట పదిమందిలో అన్నావు గదా. ఇది కూడా పదిమందిలో చెప్పు."

ఆ వాకిట్లో చెప్పాను. దుకాణంలో చెప్పాను. బావమరిది ఇంటికి పోయి చెప్పాను. అతను గొర్రెలను తిరిగి పంపడానికి మరో ఆరు నెలలు పట్టింది. మొదటి మాట పోయిన ఊళ్లన్నిటికీ రెండోది పోలేదు. అందుకే ఇప్పుడు అచ్చులో చెబుతున్నాను.

క్యాచ్ పోల్ పూర్తిగా మానలేదు, కరిచే కుక్కకు తప్పదు. కానీ ఫాలో-అప్‌కు పోయినప్పుడు ముందు ఇంట్లోవాళ్లను మాట్లాడనిస్తాను. కుక్క భయపడితే, అది నా చేతుల్లో ఏమేం పడిందో ముందు గుర్తు చేసుకుంటాను.

పోయిన నెల నట్టల మందు ఇవ్వడానికి ఆ ఊరు పోయాను. ఓబులేసు భుజాన కర్ర వేసుకొని నడుస్తుంటే చుక్కి అతని మడమల వెంటే వస్తోంది. దానికి ఇప్పుడు ఆ కర్ర భయం లేదు. నన్ను చూసింది. ఇంటికి పరిగెత్తి మంచం కిందికి పోయి, నేను ఊరు దాటేదాకా బయటికి రాలేదట.