మూడు మోరీలు, తొమ్మిది అబద్ధాలు

గడ్డపార ముట్టకుండా రెండు రాతి మోరీలను కూల్చినవాడు సికింద్రాబాద్‌లో నేను కాక ఇంకొకడుంటే చూపించండి, దండ వేస్తాను. నిన్న వానలో యాప్రాల్ దారిన పోతూ బండి ఆపాను. ఒకప్పుడు అక్కడ రోడ్డు కింది రాతి మోరీలోంచి నీళ్లు గుడగుడమంటూ దాటేవి. ఇప్పుడా చప్పుడు లేదు. నీళ్లు రోడ్డెక్కి నా చెప్పుల్లోకి వస్తున్నాయి. బండి స్టార్ట్ చేశాను, మళ్లీ ఆపాను, మళ్లీ దిగాను. వాన పడితే నాకు ఒకచోట కాలు నిలవదు. సుగుణ మేడం గుర్తొస్తారు.

రోడ్ల ఇంజనీరుగా రిటైరై పద్మారావు నగర్‌లో ఉండేవారామె. రెజిమెంటల్ బజార్‌లోని మా హార్డ్‌వేర్ దుకాణంలో కొలత టేపు కొని, బేరమాడకుండానే డబ్బులు తీశారు. నాకు తల కొట్టేసినట్టయింది. "జెర అడగాలె గద మేడం, నేను ఎక్కువనే చెప్పిన," అన్నాను.

"తెలుసయ్యా శ్రీశైలం. నాకంత టైము లేదు. ఈ టేపు రెండో కొస పట్టుకోడానికి వస్తావా?"

అప్పట్లో ఆ యాప్రాల్ పాత రోడ్డును వెడల్పు చేయబోతున్నారు. దారిలోని కట్టడాల్లో దేనికి విలువుందో, ఏవి ఉంచాలో తేల్చమని ఆమెను అడిగారు. నాలుగు ఆదివారాలు వెంట తిరిగాను. మోరీలు మొత్తం పన్నెండు. ఆ వయసులోనూ ప్రతిదాంట్లోకీ వంగి దూరి, రాళ్ల మీద అరచెయ్యి ఆనించేవారు. "ఉలి దెబ్బలు తగులుతున్నాయా? సందుల్లో డంగు సున్నం. ఈ వాలు చూడు, వాన ఎటునుంచి వస్తుందో తెలిసినవాడు కట్టాడు."

"అన్నీ పాతయే గద, అన్నీ రాయుండ్రి మేడం."

"పాతదైతే సరిపోదయ్యా. మీ దుకాణంలో తుప్పు పట్టిన మేకు కూడా పాతదే."

చివరికి మూడే రాశారు. మూడు! నా ప్రాణం ఒప్పలేదు. మా బజార్లో మూడు కావాలంటే పన్నెండు అడగాలి. అవతలివాడు కోసికోసి మూడు దగ్గరికి తెస్తాడు. రిపోర్టు టైపు చేయించే పని నాది. ఆమె మాటలనే అటూ ఇటూ తిప్పి మిగతా తొమ్మిదింటినీ చేర్చాను. నన్ను నమ్మి, చదవకుండానే ఆమె చివరి పేజీలో సంతకం పెట్టారు.

రిపోర్టు పట్టుకుని చూడ్డానికొచ్చిన రోడ్ల ఆఫీసరు బేరమాడలేదు. నేను 'రాతి కమాను' అని రాయించిన చోట వంగి చూశాడు. లోపల సిమెంటు పైపు.

"ఏందీ మేడం, గిది సుత చరిత్రనేనా? ఇగ కడమయి చూసుడెందుకు!" అంటూ మిగతావి చూడకుండానే రిపోర్టు ఆమెకు తిరిగిచ్చేశాడు.

ఆమె కాగితాలు తిప్పి చూశారు. తర్వాత నన్ను చూశారు. "సంతకం నాది. తప్పూ నాదే," అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగారు: "ఎందుకు చేశావయ్యా?"

"పన్నెండంటే మూడన్న ఇస్తరనుకున్న మేడం."

"నేను మూడంటే మూడేనని వాళ్లకు తెలుసయ్యా. ముప్పై ఏళ్లు అలాగే చెప్పాను."

ఆ తర్వాత ఏ ఆఫీసూ ఆమెను పిలవలేదు. రెండేళ్ల కిందట పోయారు. ఇప్పుడు నా దుకాణంలో ఒకటే ధర. ఒక్కడూ నమ్మడు, అందరూ సగానికి అడుగుతారు. నవ్వుకుని మళ్లీ అదే చెబుతాను.

చివరి లెక్క, తగ్గింపు లేకుండా: ఆమె రాసిన మూడింట్లో పోయినవి రెండు మోరీలు, ముప్పై ఏళ్లు నిలబడిన ఒక మనిషి మాట. మిగిలింది ఒక మోరీ. అదీ రోడ్డు పక్కకు తిరగబట్టి బతికింది, నా వల్ల కాదు.